పాల మిషన్‌లో ఉన్న లినక్స్ సోర్స్ కోడ్ ఇవ్వండి: సప్లయర్లకు, కొనే అధికారులకు బహిరంగ లేఖ

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

మా పాల కేంద్రాలకు బిల్లింగ్ మిషన్లు అమ్మిన సప్లయర్ గారికి,
ఇలాంటి మిషన్లు అమ్మే మిగతా కంపెనీలవారికి,
వాటి కొనుగోలు కాగితాల మీద సంతకాలు పెట్టే అధికారులకు, సంఘాల కార్యదర్శులకు,

నమస్కారం.

నేను పర్లాకిమిడిలో చిన్న రిపేరు షాపు నడుపుతున్నాను. కంప్యూటర్లు, ఇన్వర్టర్లు, ఎలక్ట్రానిక్ కాటాలు చూస్తాను. కాశీనగర్ వైపు ఊళ్ల నుంచి పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం దాకా, పాల కేంద్రాల మిషన్లు పాడైతే నా బల్ల మీదికే వస్తాయి. ఈ బహిరంగ లేఖకు ముందు ఆ మిషన్లలో ఉన్న లినక్స్ సోర్స్ కోడ్ ఇవ్వమని సప్లయర్ గారికి మూడు ఉత్తరాలు రాశాను. ఆషాఢంలో ఒకటి, వినాయక చవితి అయ్యాక ఒకటి, దీపావళి వెళ్లాక రిజిస్టర్డ్ పోస్టులో ఇంకొకటి. మొదటి రెండింటికి జవాబులు వచ్చాయి. మూడోదానికి అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు మాత్రమే తిరిగొచ్చింది. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. అడిగిన కోడ్ చేతికొస్తే ఈ గొడవ అక్కడితో అయిపోతుంది.

మీ మిషన్ మంచిదే. దుమ్ములో, వానాకాలం చెమ్మలో, గంటకోసారి పోయే కరెంటులో ఐదేళ్లు పనిచేసింది. ఆ మాట ఒప్పుకుని అసలు విషయానికి వస్తాను.

పాల కేంద్రం ఎలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పొద్దున్న ఆరింటికి ఆడవాళ్లు క్యాన్లు, చెంబులు పట్టుకుని వరుసలో నిలబడతారు. పాలు కాటా మీద తూస్తారు, కొంచెం తీసి ఎనలైజర్‌లో పోస్తారు. ఎంత వెన్న ఉందో ఫ్యాట్ చెబుతుంది, మిగతా ఘనపదార్థం ఎంతో ఎస్‌ఎన్‌ఎఫ్ చెబుతుంది. ఈ అంకెలు రెండూ బిల్లింగ్ మిషన్‌కి వెళ్తే అది రేటు కట్టి, రెండంగుళాల చీటీ ఒకటి ప్రింటు చేస్తుంది. తేదీ, పూట, సభ్యురాలి నంబరు, పేరు, లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్, రూపాయలు. మా దగ్గర చీటీ తెలుగులో వస్తుంది. మేముండేది ఒడిశాలోనే అయినా ఈ ఊళ్లలో పాలు పోసే పెద్దవాళ్లు చాలామంది చదవగలిగేది తెలుగే.

నా చేతి కింద ఇలాంటి మిషన్లు 11 ఉన్నాయి. వాటిలో 5 మిషన్లకు ప్రింటర్ పోయింది. అదే మోడల్ ప్రింటర్ కావాలంటే ఇప్పుడు తయారీ లేదన్నారు. విశాఖపట్నం నుంచి వేరే థర్మల్ ప్రింటర్ తెప్పించాను, 1,800 రూపాయలు. తగిలిస్తే లైటు వెలిగింది, చీటీ రాలేదు. మిషన్ విప్పి, లోపలి బోర్డు మీద సీరియల్ పిన్నులు వెతికి పట్టుకుని, ల్యాప్‌టాప్‌కి కలిపి చూశాను. మిషన్ లేచేటప్పుడు ఏమేం చెబుతుందో తెర మీద కనిపించింది. లినక్స్ కెర్నెల్ 3.10. లినక్స్ అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్, కెర్నెల్ దాని గుండెకాయ. దాని మీద బిజీబాక్స్ 1.22.1, అంటే చిన్న చిన్న పనిముట్ల ప్రోగ్రాముల కట్ట. అక్షరాలు కూర్చడానికి పాంగో అనే లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్ కట్ట), దాని వెర్షన్ నంబరు చివర కంపెనీ తగిలించుకున్న పొట్టి పేరు.

కొత్త ప్రింటర్‌లో ఉన్నది సీహెచ్340 అనే చిప్. దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము, అంటే డ్రైవర్, లినక్స్‌లో ఏళ్ల తరబడి ఉంది. మీరు ఈ మిషన్ కోసం కెర్నెల్ తయారుచేసినప్పుడు దాన్ని చేర్చలేదు, అంతే. దాన్ని విడిగా మాడ్యూల్‌గా, అంటే కెర్నెల్‌కు తర్వాత తగిలించే ముక్కగా, తయారుచేసి వేస్తే ప్రింటర్ పనిచేయాలి. అలా తయారుచేయాలంటే మీరు మార్చిన కెర్నెల్ సోర్స్, దానితో పాటు మీరు వాడిన కాన్ఫిగరేషన్ ఫైలు (కెర్నెల్‌లో ఏమేం చేర్చారో చెప్పే జాబితా) ఉండాలి. ఆ రెండూ మీ దగ్గర మాత్రమే ఉన్నాయి. మిషన్‌లో ఉన్నది బైనరీ, అంటే యంత్రం చదివే రూపం. సోర్స్ అంటే మనిషి చదివి మార్చగల రూపం. నెయ్యి ఇచ్చి దీన్ని మళ్లీ పాలుగా మార్చుకోమంటే ఎలా కుదరదో, బైనరీ నుంచి సోర్స్ తీసుకోమన్నా అలాగే కుదరదు.

ఇక లైసెన్సు సంగతి. లినక్స్ కెర్నెల్, బిజీబాక్స్ రెండూ 1991 నాటి జీపీఎల్ (జనరల్ పబ్లిక్ లైసెన్స్) రెండో వెర్షన్ కింద ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మిషన్‌లో పెట్టి అమ్ముకోవచ్చు. మీరు అమ్ముకున్నారు కూడా, అందులో తప్పు లేదు. దానికి బదులుగా ఆ లైసెన్సు మూడో సెక్షన్ ఒకే బాధ్యత పెడుతుంది. బైనరీ ఇచ్చేవాళ్లు దానితో పాటే పూర్తి సోర్స్ ఇవ్వాలి. లేకపోతే, అడిగినవాళ్లు ఎవరికైనా సోర్స్ ఇస్తామని, కనీసం 3 ఏళ్లు చెల్లే రాతపూర్వక హామీ మిషన్‌తో పాటు ఇవ్వాలి. దానికి కాపీ చేసి పంపడానికి అయ్యే ఖర్చుకు మించి తీసుకోకూడదు. పూర్తి సోర్స్ అంటే ఏమిటో కూడా లైసెన్సే చెప్పింది: అన్ని మాడ్యూళ్ల సోర్స్, వాటిని కంపైల్ చేయడానికి, అంటే బైనరీగా మార్చడానికి, ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన స్క్రిప్టులతో సహా. మీ మిషన్‌తో వచ్చిన 16 పేజీల పుస్తకం మూడుసార్లు తిరగేశాను. సోర్స్ లేదు, హామీ లేదు, జీపీఎల్ అన్న మాటే లేదు.

మీరు చెప్పిన జవాబులు ఒక్కొక్కటిగా తీసుకుంటాను.

"లినక్స్ సోర్స్ ఇంటర్నెట్‌లో ఉంది, అక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసుకోండి" అన్నారు మొదటి జవాబులో. అక్కడున్నది లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్, మిగతా డెవలపర్లు విడుదల చేసిన కెర్నెల్. మా మిషన్‌లో ఉన్నది మీ బోర్డుకు తగ్గట్టు మార్చిన కెర్నెల్. అందులో మీ కాటా కోసం రాసిన డ్రైవర్ ఉంది, కీప్యాడ్ కోసం చేసిన మార్పులు ఉన్నాయి. ఇంటర్నెట్ నుంచి తెచ్చినది వేస్తే మిషన్ లేవనే లేవదు. నేను వేసి చూశాను. రెండు రాత్రులు పోయాయి.

"బోర్డు విదేశంలో తయారైంది, కోడ్ వాళ్లిచ్చిందే, మా దగ్గర లేదు" అన్నారు అదే ఉత్తరంలో. బోర్డు ఎక్కడిదైనా మాకు అమ్మింది మీరు. బైనరీని ఎవరు చేతులు మారుస్తారో బాధ్యత వాళ్లది. పై నుంచి తమకు వచ్చిన హామీ కాగితాన్నే కిందికి అందించే వెసులుబాటు లైసెన్సులో ఉన్న మాట నిజమే. అది డబ్బు తీసుకోకుండా పంచేవాళ్లకు మాత్రమే. మీరు జీఎస్టీ బిల్లుతో అమ్మారు. మీకు కోడ్ ఇవ్వని తయారీదారును మీరు అడగాలి. అడగకుండా కొన్నారంటే ఆ భారం పాలు పోసే ఆడవాళ్ల మీద పడకూడదు.

"ఇది మా కంపెనీ ట్రేడ్ సీక్రెట్" అన్నారు రెండో జవాబులో. ఇక్కడ నేను చాలా స్పష్టంగా చెప్పాలి. రేటు కట్టే మీ సొంత అప్లికేషన్ సోర్స్ నేను అడగడం లేదు. అది విడి ప్రోగ్రాము, మీరు రాసుకున్నది, మీ దగ్గరే ఉంచుకోండి. నేను అడిగేది కెర్నెల్, బిజీబాక్స్, మీరు మార్చిన పాంగో. పాంగో ఎల్‌జీపీఎల్ కింద ఉంది, అది జీపీఎల్ కన్నా కొంచెం సడలించిన లైసెన్సు. దాన్ని వాడుకునే మీ అప్లికేషన్ మూసి ఉంచుకోవచ్చు కానీ, లైబ్రరీలో మీరు చేసిన మార్పుల సోర్స్ ఇవ్వాల్సిందే. ఓపెన్ సోర్స్ (సోర్స్ అందరికీ తెరిచి ఇచ్చినది) అన్నంత మాత్రాన అన్నిటికీ ఈ షరతు ఉండదని కూడా నాకు తెలుసు. ఎమ్‌ఐటీ, బీఎస్‌డీ లైసెన్సుల కింద ఉన్నవాటికి సోర్స్ ఇవ్వాలన్న నియమం లేదు. అవి నా జాబితాలో లేవు. వేలమంది రాసి, షరతు చెప్పి మరీ ఇచ్చిన కోడ్ మీ రహస్యం ఎలా అవుతుంది?

ఈ కోడ్ రాకపోవడం వల్ల మా దగ్గర ఏం జరుగుతోందో చెబుతాను. ఈ లేఖలో మీరు ఒక్క భాగమే చదివేటట్టయితే ఇది చదవండి.

1. ప్రింటర్ పోయిన 5 కేంద్రాల్లో చీటీలు చేత్తో రాస్తున్నారు. పొద్దున్న వరుసలో 60 మంది ఉంటే రాసే అమ్మాయి ఒక్కతే. మిషన్ తెర మీద ఫ్యాట్ 6.2 అని కనిపిస్తుంది, చీటీ మీద తొందరలో 5.2 పడుతుంది. ఒక కేంద్రంలో 47వ నంబరు పెద్దమ్మ ఒకావిడ ఉంది. భర్త లేడు, ఒకే గేదె. ప్రతి చీటీ మడిచి కొంగున ముడేసుకుని వెళ్లి, పాత బిస్కెట్ డబ్బాలో దాచుకుంటుంది. పదిహేను రోజులకోసారి డబ్బా తెచ్చి, పక్కింటి పిల్ల చేత కూడిక వేయించుకుని వస్తుంది. ఒకసారి చీటీల లెక్కకీ రిజిస్టరు లెక్కకీ 212 రూపాయలు తేడా వచ్చింది. ఆ రోజు నేను అక్కడే మిషన్ విప్పుకుని కూర్చున్నాను. "మిషనిచ్చిన చీటీ అయితే మాట్లాడకుండా పోయేదాన్ని బాబూ, ఇది ఎవరి రాతో నాకేం తెలుసు?" అంది. రాసిన అమ్మాయి ఏడ్చింది. ఇద్దరిలో ఎవరిదీ మోసం కాదు. మర్నాటి నుంచి ఆవిడ పాలు ప్రైవేటు వ్యాపారికి పోస్తోంది. అతను ఫ్యాట్ చూడడు, లీటరుకు ఇంతని ఇస్తాడు. గేదె పాలకు అది నష్టమని ఆవిడకూ తెలుసు.

2. ప్రింటర్ పనిచేస్తున్న మిషన్లలో ఇంకో బాధ. మీరు చివరిసారి పంపిన అప్‌డేట్ తర్వాత ఒత్తులు విడిపోతున్నాయి. అప్పమ్మ అనే పేరు "అప్‌పమ్‌మ" అని వస్తోంది. చూసేవాళ్లకు చిన్న విషయంలా ఉంటుంది. కాశీనగర్ దగ్గర ఒక రైతు రెండో గేదె కోసం లోనుకు వెళ్తూ, ఆదాయానికి రుజువుగా భార్య పేరున ఉన్న ఆరు నెలల చీటీలు పట్టుకెళ్లాడు. పేరు ఆధార్‌తో కలవలేదని వెనక్కి పంపారు. కార్యదర్శి చేత కాగితం రాయించి, సీలు వేయించుకుని మళ్లీ వెళ్లేసరికి మూడు వారాలు గడిచాయి, బేరం పెట్టుకున్న గేదె అమ్ముడైపోయింది. మీరు పాంగోలో ఏ వరుస మార్చారో కనిపిస్తే దీన్ని సరిచేయగలనన్న నమ్మకం నాకుంది. గుణుపూర్‌లో ఇంజనీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్లు కూడా డబ్బు తీసుకోకుండా చేస్తామన్నారు.

3. కెర్నెల్ 3.10కి లినక్స్ వాళ్ల సపోర్టు 2017 నవంబరులోనే ఆగిపోయింది. ఈ మిషన్లలో సిమ్ ఉంది, లెక్కలు ఇంటర్నెట్ మీద వెళ్తాయి, సభ్యుల ఖాతా నంబర్లు కూడా. లోపాలు సరిచేయడానికి మీరు రావడం లేదు, మమ్మల్ని చేయనివ్వడం లేదు.

4. మీరు చెప్పే పరిష్కారం కొత్త మిషన్, 22,000 రూపాయలు. 11 కేంద్రాలకు కలిపి 2,42,000. అది సంఘం ఖాతాలోంచి పోతుంది. అంటే పండక్కి సభ్యులకు పంచే బోనస్‌లోంచే. పాత మిషన్ల బోర్డులు భేషుగ్గా ఉన్నాయి. తుక్కుకు వేయడానికి నాకు చేతులు రావడం లేదు.

5. మా కొండ ఊళ్లలో సవర గిరిజనులు కూడా పాలు పోస్తున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ పర్లాకిమిడిలోనే బడి చెబుతూ వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర మాన్యువల్ 1931లో అచ్చయింది. సవరలకు సొంతంగా సొరంగ్ సొంపెంగ్ లిపి ఉంది, 2012 నుంచి కంప్యూటర్లలో అన్ని లిపులకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో దానికి చోటూ ఉంది. చీటీ మీద కనీసం పేరు ఆ లిపిలో వస్తుందా అని ఒక సవర కుర్రాడు నన్ను అడిగాడు. మిమ్మల్ని అడిగితే "అంత మార్కెట్ లేదు" అన్నారు. మీకు లేకపోవచ్చు. చేసుకోగలిగినవాళ్లు మా దగ్గర ఉన్నారు, దారి వదిలితే చాలు.

ఇదంతా మారుమూల మెకానిక్ పెడుతున్న పేచీ అనుకోకండి. 2003లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌లో లినక్స్ ఉందని జనం కనిపెట్టి అడిగితే, ఆ కంపెనీ సోర్స్ విడుదల చేసింది. ఆ కోడ్ మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ మొదలైంది, కంపెనీలు వదిలేసిన ఎన్నో రౌటర్లు దాని వల్ల ఇవాళ్టికీ పనిచేస్తున్నాయి. 2004లో జర్మనీలోని మ్యూనిక్ కోర్టు జీపీఎల్ షరతులు పాటించని కంపెనీ మీద ఇచ్చిన ఉత్తర్వును ఖాయం చేసింది. 2007లో అమెరికాలో బిజీబాక్స్ రాసినవాళ్లే కోర్టుకు వెళ్లారు. మీ మిషన్‌లో ఉన్నది అదే బిజీబాక్స్. 2021లో సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అనే లాభాపేక్ష లేని సంస్థ టీవీలు అమ్మే విజియో కంపెనీ మీద, కొనుక్కున్న వినియోగదారుగా తనకు సోర్స్ అడిగే హక్కు ఉందంటూ కేసు వేసింది. మన దేశంలో 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య రచనల్లోనే లెక్కవేస్తుంది, అంటే కాపీరైట్ కోడ్‌కూ వర్తిస్తుంది. జీపీఎల్ నాలుగో సెక్షన్ ప్రకారం షరతు తప్పినవాళ్లకు పంపిణీ హక్కు పోతుంది. హక్కు పోయాక అమ్మిన ప్రతి మిషన్ అనుమతి లేని కాపీయే కదా.

అధికారులకు ఒక మాట. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015లోనే విధానం ప్రకటించింది. టెండర్లలో ఓపెన్ సోర్స్ అన్న పదం ఇప్పుడు నేనూ చూస్తున్నాను, సంతోషమే. కానీ సరుకు దించుకునేటప్పుడు మిషన్ల లెక్క, వారంటీ కార్డు, బిల్లు చూసి సంతకం పెడుతున్నారు. సోర్స్ ఏదని అడిగినవాళ్లను నేను చూడలేదు. ఆ రోజు అడిగితే పెన్‌డ్రైవ్‌లో వచ్చేది. ఐదేళ్ల తర్వాత అడిగితే సప్లయర్ దగ్గరే ఉంటుందో లేదో. కోడ్ రాసిన ఉద్యోగి మానేసి ఉంటాడు, కంప్యూటర్ మార్చేసి ఉంటారు. పుల్లలు విరిచినట్టు మాట్లాడుతున్నానని అనుకోవద్దు, ఈ భయం నాకు నిజంగా ఉంది.

మేము కోరేవి ఇవి.

1. మా 11 మిషన్లలో ఉన్న కెర్నెల్, బిజీబాక్స్, పాంగో, ఇంకా జీపీఎల్, ఎల్‌జీపీఎల్ కింద ఉన్న ప్రతి భాగం సోర్స్ ఇవ్వాలి. మాకు అమ్మిన వెర్షన్‌ది, చివరి అప్‌డేట్ వెర్షన్‌ది, రెండూ. కెర్నెల్ కాన్ఫిగరేషన్ ఫైలు, కంపైల్, ఇన్‌స్టాల్ స్క్రిప్టులు అందులో ఉండాలి. పెన్‌డ్రైవ్ ఖర్చు, పోస్టు ఖర్చు నేను పెట్టుకుంటాను.

2. మిషన్‌తో ఇచ్చే పుస్తకంలో లైసెన్సుల పూర్తి పాఠం, సోర్స్ ఎలా అడగాలో చెప్పే హామీ అచ్చు వేయాలి. ఇంగ్లిషుతో పాటు ఒడియా, తెలుగుల్లో ఒక్కో పేరా అయినా ఉండాలి. ఎక్కడికి రాయాలో, ఎవరు జవాబిస్తారో తెలియాలి.

3. అప్‌డేట్ పంపిన ప్రతిసారీ దాని సోర్స్ కూడా అక్కడే, అదే రోజు పెట్టాలి.

4. కొనుగోలు అధికారులు, సంఘాల కార్యదర్శులు టెండరులో ఒక్క షరతు చేర్చాలి: సోర్స్ చేతికొచ్చి, దాన్ని ఒకసారి కంపైల్ చేసి మిషన్‌లో వేసి చూశాకే చివరి వాయిదా డబ్బు చెల్లించాలి. కంపైల్ చేసి చూసే పని మా ఊళ్లో ఉచితంగా చేయడానికి నేను సిద్ధం.

5. నాలాంటి రిపేరు షాపులవాళ్లు, మీ బల్ల మీదికి వచ్చిన రౌటర్, సెట్‌టాప్ బాక్స్, బిల్లింగ్ మిషన్ దేంట్లో లినక్స్ కనిపించినా, కొన్నవాళ్ల తరఫున సోర్స్ అడుగుతూ ఒక ఉత్తరం రాయండి. ఉత్తరం నమూనా కావాలంటే నా షాపుకు రండి, తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఇస్తాను.

గడువు గురించి. కెర్నెల్ రాసేవాళ్లలో చాలామంది 2017 అక్టోబరులో ఒక ప్రకటన చేశారు. మొదటిసారి తప్పు చేసినవాళ్లు హక్కుదారుల (కోడ్ మీద కాపీరైట్ ఉన్నవాళ్ల) నోటీసు అందిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కులు తిరిగి వస్తాయని అందులో ఒప్పుకున్నారు. నేను హక్కుదారును కాను, కోర్టుకు వెళ్లే స్తోమత కూడా లేదు. అయినా ఆ 30 రోజుల పద్ధతే పాటిస్తాను. ఈ లేఖ అందిన రోజు నుంచి 30 రోజులు చూస్తాను. అప్పటికీ సోర్స్ రాకపోతే, సీరియల్ పిన్నుల మీద తీసుకున్న బూట్ మెసేజ్‌లు, మన మధ్య నడిచిన ఉత్తరాలు, మీ 16 పేజీల పుస్తకం అన్నీ కలిపి బిజీబాక్స్, కెర్నెల్ హక్కుదారులకు, ఫిర్యాదులు తీసుకునే సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీకి పంపుతాను. కార్యదర్శులు ఐదుగురు ఆ ఫిర్యాదు మీద సంతకం పెడతామన్నారు.

అంతకు ముందే మీ ఇంజనీరు ఒక్కరు ఫోన్ చేసినా చాలు. ఏ ఫైళ్లు కావాలో పావుగంటలో చెబుతాను. ప్రింటర్లు ఐదూ కొని పెట్టాను, తగిలించి చూసిన ఒక్కటి తప్ప మిగతావాటి అట్టపెట్టెలు కూడా విప్పలేదు.

ఇట్లు,
పాల కేంద్రాల మిషన్లు బాగుచేసే మెకానిక్,
పర్లాకిమిడి.